పూత మీద పాకిన మెరుపు

భూతం అని వినబడింది పెద్దసారు నోట, టీ సగం చొక్కాకు పోసి పరుగెత్తుకొచ్చాక గానీ పూతలాయనకు తెలియలేదు ఆయనన్నది అద్భుతం అని, తొట్టిలో గాలంతా లాగేసే పంపు రొద ముందక్షరాన్ని కూడా లాగేసిందని, భూతమైనా బాగుండేది, గాజు కిటికీలోంచి చూస్తే, కరెంటు పరీక్షకు పెట్టిన రెండు రేకుల్లో కుడివైపుదాని మీద మెరుపు పాకిన గుర్తు, కొమ్మలు, రెమ్మలు, రెమ్మలకు మళ్లీ రెమ్మలు, కుడివైపంటే కొత్తమ్మాయిది, ఎడమ ఎప్పుడూ తనది, పూత వేయడం నేర్పింది తనే, నేర్పినవాడికి మచ్చ, నేర్చుకున్నదానికి మెచ్చుకోలు.

తన రేకు మీద చూడు, సూదితో పొడిచినట్టు నల్లటి బొక్క, కరెంటు పూతను చీల్చి లోహందాకా దిగిపోయింది, ఆ అమ్మాయి రేకు మీదేమో లోపలికి దిగకుండా పైపైనే పాయలై పాకి చల్లారింది, ఉపగ్రహానికి కావలసిన పూత అదే, ఎవరిది పంపాలో ఈ పూటే తేలుస్తానన్న పెద్దసారు, పూత పూసిందయ్యా అంటున్నాడు, పూస్తుంది, కాస్తుంది, కోసుకు తినండి, నువ్వేమంటావయ్యా అంటే, ఏముంది సార్, పలచన, అంచుల్లో సమంగా లేదు, పైకెళ్తే పెచ్చులూడుతుంది, పక్కన పడేయండి అనేశాడు, పంపు కూడా మింగలేనంత గట్టిగా, అంత అన్యాయంగా వేశానా గురువుగారూ అని కొత్తమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది, గురువుగారట, ఆ పిలుపూ గుచ్చుకుంది.

పంపు ఆగింది, ఇంకేదైనా వంక దొరక్కపోతుందా అని ఆ రేకునే తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, ఎంత బాగుంది పాడు రేకు, ఆ చివరి రెమ్మ చూడు, వెంట్రుకలో సగం కూడా లేదు, తనకెప్పుడైనా ఇలా వచ్చిందా, అంచున ఇదేమిటి, పూత అంటని రెండు పళ్ల గాటు, క్లిప్పు గాటు, ఆ అమ్మాయి తీగకు వేలాడదీసి పూత వేస్తుంది, క్లిప్పుతో పట్టుకునే మొండిఘటం ఇక్కడ ఒక్కడే, అమ్మాయ్, రేకుల ట్రే తొట్టిలోకి ఎటునుంచి పెట్టావు, ముందు తలుపు బిగుసుకుపోతే వెనకనుంచి తోశానండీ, వెనకనుంచి తోస్తే ఎడమది కుడికి వస్తుంది కదే తల్లీ, అంటే ఇంతసేపూ కుళ్లుకున్నది తన చేతిపని చూసేనా, ఆమెదనుకున్నాడు కాబట్టే చివరి రెమ్మదాకా చూశాడు, తనదని తెలిస్తే ఒక్క చూపు చూసి బీరువాలో పెట్టేవాడు, సార్, అందరూ ఇటు వినండి, ట్రే తిరగబడింది, ఈ రేకు నాది, బొక్క పడింది అమ్మాయిది, పూత పలచనా కాదు, పెచ్చులూ ఊడవు, అమ్మాయిదనుకుని అలా అన్నాను.