కరియ నిద్రపోయే పెట్టె

తెల్లవారి హనుమంతమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసే లోపల ఆ ఇంటి మీదికి కనీసం ఇద్దరైనా పోట్లాటకు వచ్చేవాళ్ళు. మొదట ఆంజినప్ప వచ్చేవాడు. ఆయన పిడకలు ఎన్నిరోజులైనా ఎండేవి కావు. ఆయన గొణుక్కుంటూ పోయినాక లక్ష్మక్క వచ్చేది.

"నీ కుక్కను కట్టేసుకో హనుమంతా! నిన్న మా మిద్దెక్కి పండుకుంది. దాని మోడం నా వడియాల మీద కురిసిపోయింది. ఇది మూడోసారి."

"మోడం నేను పెట్టినానా లక్ష్మక్కా? వడియాలు కొట్టంలో ఎండబెట్టుకో."

"కొట్టంలో ఎండ యాడుంటాది?"

"మా చేన్లో శానా ఉండాది. తెచ్చి ఆడ పోసుకో పో."

కరియ ఐదు నెలల నల్ల కుక్క. ఉగాదికి ముందు దాని తల్లి శెనక్కాయల లారీ కింద పడి చచ్చిపోతే, కండ్లు సరిగా తెరవని ఆ పిల్లను హనుమంతమ్మ కొంగులో వేసుకొని ఇంటికి తెచ్చింది. అప్పటికే దాని నెత్తిన, వేపచెట్టంత ఎత్తులో, తుండుగుడ్డంత మోడం, చిన్న మబ్బుతునక, ఉండేది. కుక్కతోపాటు అదీ పెరిగి ఇప్పుడు దుప్పటంత అయింది. ఊర్లో ఒకరికి మెల్లకన్ను, ఒకరికి గురక, ఈ కుక్కకు మోడం. దాని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడలేదు. మాట్లాడిందంతా కుక్క బుద్ధి గురించే. చెప్పులు ఎత్తుకుపోయేది. మేకల్ని తరిమేది. నీళ్ళబిందెతో పోయే ఆడవాళ్ళ కుచ్చిళ్ళు పట్టి గుంజేది. అది పరిగెత్తితే మోడమూ వెనకాలే పరిగెత్తి అక్కడో చినుకు ఇక్కడో చినుకు రాల్చేది. అది పండుకుంటే మాత్రం నింపాదిగా, సన్నగా కురిసేది.

అది రెండువేల రెండో సంవత్సరం. పునర్వసు కార్తెలో ఒక్క పదునువాన పడితే విడపనకల్లు చుట్టుపక్కల ఊర్లన్నీ శెనక్కాయ విత్తినాయి. అంతే, వాన మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. మఖ కార్తె వచ్చేసరికి చెట్లు పూత పూసి, కాయ కట్టే ఊడలు దించి, ఆ ఊడలు దిగడానికి మెత్తటి నేల లేక గట్టి మట్టి మీద సూదుల్లాగ నిలబడిపోయినాయి.

"వినాయకచవితి పోతానే బెంగుళూరుకు పోదాం," అన్నాడు హనుమంతమ్మ మొగుడు లింగప్ప. "నారాయణ వాళ్ళు పోతాండారు. బిల్డింగు పని ఉండాదంట. ఉండేకి రేకుల షెడ్డు ఇస్తారంట."

"నువ్వు పోతే పో. నేను రాను."

"ఈడుండి ఏం జేస్తావు? ఆకాశాన్ని తిడతా కూర్చుంటావా?"

"తిడతా. నాకు ఇంకేం పని?"

ఆరేళ్ళ కిందట ఒకసారి ఆమె పోయింది. ఎనిమిది నెలలు ఇసుకా సిమెంటూ మోసింది. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరంటే ఒక్కరు ఆమెను పేరుపెట్టి పిలవలేదు. "ఏయ్ ఇసుకా, ఇట్లరా," అనేవాడు మేస్త్రీ. తిరిగొచ్చిన దినం ఆమె తన రెండెకరాల ఎర్రనేలలో నిలబడి, ఇంక ఈ గట్టు దాటేది లేదని తనకు తానే గట్టిగా చెప్పుకుంది.

ఒకనాడు మధ్యాహ్నం, ఉడతల వెంట తిరిగి తిరిగి అలిసిపోయిన కరియ చేన్లో గట్టు పక్కన కాసేపు నిద్రపోయింది. అది లేచి పోయినాక హనుమంతమ్మ అక్కడ మట్టిలో వేలు గుచ్చితే రెండు కణుపుల దాకా దిగింది. రెండు దినాలకు ఆ పదిచెట్ల ఊడలు నేలలోకి దిగినాయి. ఆమె ఆ పది చెట్ల వైపు, మిగిలిన రెండెకరాల వైపు మార్చి మార్చి చూసింది.

మరుసటి దినం కుక్కను చేన్లో గూటానికి కట్టేసింది. అది తాడు కొరికింది, ఊళపెట్టింది, మట్టి గీరింది. మోడం ఏకిన పత్తిలాగ తెల్లగా అయిపోయి ఒక్క చుక్క రాల్చలేదు. ఆమె అరిస్తే అది ఆట అనుకుని ఇంకా ఎగిరింది. కట్టె తీస్తే తాడు తెంపుకొని చేను దాటి పరిగెత్తింది. దాని వెనక మోడం, మోడం వెనక ఆమె.

ఉరవకొండలో జాకబ్ అని ఒకాయన ఉండేవాడు. మిలిటరీలో కుక్కలకు పని నేర్పించి, రిటైరై వచ్చి ఇంటి ముందర కోళ్ళు పెంచుకుంటాండాడు. హనుమంతమ్మ కరియను చంకలో పెట్టుకొని బస్సెక్కింది. బస్సు టాపుమీద కూర్చున్నవాళ్ళు గొడుగులు లేక తిట్టుకున్నారు.

జాకబ్ కుక్కను చూసినాడు, పైన మోడాన్ని చూసినాడు, కోళ్ళమేతను వసారాలోకి జరుపుకున్నాడు.

"దీనికి తనదంటూ ఒక చోటు లేదమ్మా. అందుకే ఊరంతా తనదే అనుకుంటాండాది. ఒక పెట్టె చూడు. అది నిలబడేకి, తిరిగి పండుకునేకి సరిపోవల్ల. అంతకన్నా పెద్దదొద్దు. బువ్వ దాంట్లోనే పెట్టు. తలుపు తీసే ఉంచు. దానంతట అదే లోపలికి పోవల్ల. నువ్వు తొయ్యొద్దు."

"పోకుంటే?"

"పోయేదాకా కూర్చో. పోతే మెచ్చుకో. నాలుగు దినాలైనాక తలుపు రవ్వంతసేపు మూసి తియ్యి. మళ్ళ కొంచెం ఎక్కువసేపు. ఏడుస్తాంటే తియ్యొద్దు, నోరు మూసినాకే తియ్యి. ముందే బాగా ఆడించి, దొడ్డికి తిప్పుకొచ్చి పెట్టు. ఇంకొకటి. కోపమొచ్చి దాన్ని పెట్టెలో యెయ్యొద్దు, ఎప్పటికీ. అది జైలు అనుకుందంటే అయిపాయె."

"కుచ్చిళ్ళు గుంజుతాది."

"గుంజితే కదలకుండా నిలబడు. అరవద్దు. నీ గొంతంటే దానికి సంబరం."

ఆ ఆఖరి మాటే హనుమంతమ్మకు కష్టమైంది. నలభై రెండేళ్ళుగా ఆమె ఆ గొంతుతోనే బతికింది.

ఇంట్లో మామ కాలంనాటి ఆయిలింజను వచ్చిన చెక్కపెట్టె ఉండేది. దాంట్లోని పాత గోతాలు తీసి, ఒక పక్క పలక ఊడదీసి తలుపు చేసి, అడుగున చిరిగిన దుప్పటి పరిచింది. మొదటి దినం కరియ పెట్టెను వాసన చూసి, దానిమీద ఒంటికి పోసి పోయింది. రెండో దినం మూతి లోపలపెట్టి సంగటిముద్ద లాక్కొని బయట తినింది. హనుమంతమ్మ పళ్ళు బిగబట్టి కూర్చుంది. దావన పోయే వాళ్ళు నిలబడి చూసినారు.

"ఏమమ్మా, కుక్కకు బడి పెట్టినావంట? పలక, బలపం ఇచ్చినావా?"

"ఇచ్చినా. మీ ఇంట్లో మొద్దులుంటే పంపించండి, వాళ్ళకూ చెప్తా," అనింది ఆమె, గొంతు తగ్గించి. గొంతు తగ్గిస్తే మాట ఇంకా గట్టిగా తగులుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఐదో దినం కరియ లోపలే తినింది. తొమ్మిదో దినం తలుపు మూస్తే రెండుసార్లు గీరి ఊరకుండింది. పన్నెండో దినం ఎవరూ పిలవకుండానే లోపలికి పోయి, మూడుచుట్లు తిరిగి, తోకమీద మూతి పెట్టుకొని నిద్రపోయింది. పెట్టె చుట్టూ పదిసాళ్ళ మేర వాన కురిసింది. హనుమంతమ్మ వాకిట్లో కూర్చొని తడిసింది, లేవలేదు.

అప్పటినుంచి రోజూ పెట్టె నెత్తిన పెట్టుకొని చేనికి పోయేది. కరియ వెంట నడిచేది. ఒకచోట పెట్టె దించితే కుక్క లోపలికి పోయి పండుకునేది. లేచినాక కాసేపు ఆడించి, పెట్టెను ఇంకో పది సాళ్ళ అవతల దించేది. ఎర్రగా ఎండిన ఆ మెట్టమీద పచ్చటి అతుకులు ఒకదాని పక్కన ఒకటి లేచినాయి. లక్ష్మక్క వడియాలూ ఎండినాయి, ఆంజినప్ప పిడకలూ ఎండినాయి. ఎకరా పైన తడిసింది. ఇంకా ముప్పాతిక ఎకరా మిగిలింది.

ఊరికి ఎగువన లక్ష్మీపతికి పన్నెండెకరాల చీనీతోట ఉండేది. ఐదు బోర్లూ ఎండిపోయి బత్తాయి చెట్లు ఆకు ముడుచుకున్నాయి. హనుమంతమ్మ రేషను బియ్యానికి విడపనకల్లు పోయిన దినం ఆయన జీపు వేసుకొని నేరుగా చేనికి వచ్చినాడు. అక్కడ లింగప్ప ఒక్కడే ఉన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి చేన్లో పెట్టె లేదు, కుక్క లేదు.

"రెండు దినాలేనంట," అన్నాడు లింగప్ప నేల చూపులు చూస్తా. "లక్ష్మీపతి అంతటి పెద్దమనిషి ఇంటికొచ్చినట్ల వచ్చి అడిగితే కాదని ఎట్లనేది?"

"నోటితో అంటారు కాదని," అనింది హనుమంతమ్మ. బియ్యం సంచి గట్టుమీద పెట్టి అట్లే తోటకు నడిచింది.

నడినెత్తిన ఎండ. చీనీచెట్ల నడుమ పెట్టె ఉంది, దాని తలుపు మీద అడ్డంగా రెండు పలకలు పెట్టి మేకులు కొట్టినారు. లోపల కరియ గొంతు పోయేదాకా ఏడుస్తాండాది. పైన మోడం జిల్లేడు దూదంత పలచగా అయి, ఇంకాసేపట్లో లేకుండా పోయేట్టుంది. లక్ష్మీపతి మంచంమీద కూర్చొని ఉన్నాడు. పక్కన జీతగాడు ఓబులేష్ చేతిలో కట్టె.

"పొద్దున్నుంచి ఇదే ఏడుపు," అన్నాడు లక్ష్మీపతి. "కట్టెతో పొడిచినా పండుకోదు. దీన్ని ఎట్ల పండబెడతావో చెప్పిపో."

హనుమంతమ్మ అక్కడ పడున్న గడ్డపార తీసుకుంది. ఓబులేష్ అడ్డం వచ్చినాడు.

"ఓబులేశా, ఇది బరువుగా ఉండాది. నీ కాలు దూరంగా పెట్టుకో."

అతను కాలు దూరంగా పెట్టుకున్నాడు. మొదటి పలక ఊడింది.

"ముప్పై ఏండ్ల చెట్లు ఇవి," అన్నాడు లక్ష్మీపతి. ముడుచుకున్న ఆకొకటి తెంపి చూపించినాడు. "మా నాయన నాటినాడు. ఇవి ఎండిపోతాంటే నీకు కనికరం లేదా? వాన ఊరందరిదీ గదా!"

"వాన ఊరందరిదే. నిద్ర దానిది." రెండో పలకా ఊడింది. "అడిగింటే ఈ పెట్టె నేనే మోసుకొని వస్తాంటిని లక్ష్మీపతన్నా. దానికి బువ్వ పెట్టింది నేను, నేర్పించింది నేను. నువ్వు జీపేసుకొని వచ్చి నా మొగున్ని అడిగినావు. ఒకసారన్నా నన్ను అడిగినావా?"

లక్ష్మీపతి చెట్లవైపు చూసినాడు. కరియ బయటికి దూకి, ఆమె కాళ్ళ సందున దూరి, మరుక్షణం తోట దాటి పారిపోయింది. హనుమంతమ్మ పెట్టె నెత్తికెత్తుకుంది. అడ్డదావ ఉన్నా నడివీధిలోనే నడిచింది. మిద్దెలమీద నుంచి అందరూ చూసినారు. ఆమె కూడా ఒక్కొక్కరినీ చూసుకుంటా పోయింది.

కుక్క సాయంత్రానికి ఇల్లు చేరింది గాని దాని నెత్తిన ఏమీ లేదు. ఉత్త ఆకాశం. పెట్టె కనపడితే చాలు తోక ముడిచి మంచం కిందికి దూరేది. హనుమంతమ్మ మేకులు పీకి, పలకలు నునుపు చేసి, దుప్పటి ఉతికి పరిచి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. సంగటి పెట్టె లోపల పెట్టింది. కరియ ఆకలికి ఓర్చుకుంది గాని లోపలికి పోలేదు. పెట్టె పక్కన పెట్టింది. బారెడు దూరంలో పెట్టింది. అప్పుడు తినింది. అట్ల ఎనిమిది దినాలైనాయి. మిగిలిన ముప్పాతిక ఎకరాలో ఆకులు మధ్యాహ్నానికే వాలిపోతాండాయి.

"నేను పోతాండా," అన్నాడు లింగప్ప తొమ్మిదో దినం. దుప్పటి చుట్ట కట్టుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "మూడుగంటల బస్సు. నువ్వొస్తానంటే ఆగుతా."

"ఆగొద్దు," అనింది ఆమె. పెట్టె నెత్తిన పెట్టుకొని చేనికి పోయింది. కరియ నూరడుగుల దూరంలో వెంట వచ్చింది.

ముప్పాతిక ఎకరా నడుమ పెట్టె దించింది. పిలిస్తే కుక్క రాలేదు. రొట్టెముక్క చూపిస్తే రాలేదు. హనుమంతమ్మ కాసేపు నడుంమీద చేతులు పెట్టుకొని నిలబడింది. అరుద్దామనిపించింది, అరవలేదు. కొంగు బొడ్లో దోపుకొని, వంగి, తానే ఆ పెట్టెలోకి దూరింది. తలా భుజాలూ నడుమూ పట్టినాయి. కాళ్ళు మోకాళ్ళ కింద నుంచి బయటే ఉండిపోయినాయి. లోపల ఇంజనాయిలు వాసన, కుక్క వాసన. ఆమె కండ్లు మూసుకుంది.

రోడ్డుమీద బస్సుకు పోయే నారాయణ వాళ్ళు ఆ కాళ్ళు చూసి నవ్వినారు. ఆమెకు వినిపించింది. కాళ్ళు ముడుచుకోలేదు. నవ్వుకోనీ అని ఇంకా బారజాపింది.

చానాసేపటికి ఆమె మడమకు తడిముక్కు తగిలింది. తర్వాత మోకాలికి. ఆమె ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. కరియ ఆమె కాళ్ళమీదుగా పాకి, ఆమె కడుపు దగ్గర ఉన్న రవ్వంత సందులో ఇరుక్కొని, తల ఆమె చేతిమీద పెట్టి పెద్దగా నిట్టూర్చింది. కొంచెంసేపటికి దాని పక్కటెముకలు నెమ్మదిగా ఎగసి పడటం మొదలైంది.

గట్టుమీదుగా బస్సుకు పోతున్న లింగప్ప మొదట నీడ చూసినాడు. తల ఎత్తితే పెట్టెమీద చేటంత మోడం. చూస్తాండగానే దుప్పటంత అయింది, పందిరంత అయింది, ముప్పాతిక ఎకరా నాలుగు గట్లనూ కప్పి ఆగింది. చినుకులు లావుగా పడినాయి. హనుమంతమ్మ కాళ్ళమీద ఎర్రమట్టి చింది చింది కారుతోంది.

లింగప్ప దుప్పటి చుట్ట విప్పుకుంటా వచ్చి ఆ కాళ్ళమీద కప్పినాడు.

"హనుమంతమ్మా," అన్నాడు మెల్లగా. పెండ్లయిన ఇరవై నాలుగేండ్లలో ఎన్నడూ ఆమెను అట్ల పూర్తి పేరుతో పిలిచి ఎరగడు. "బయటికి రా, తడిసిపోతాండావు."

"అరవద్దు. నిద్రపోతాండాది," అనింది పెట్టె లోపల్నుంచి. "నీ దుప్పటి తర్వాత కప్పుదువులే. దిగువ గట్టు మెత్తగా ఉండాది. నీళ్ళు కిందుండే లక్ష్మీపతి బీడుచేన్లోకి పోతాయి. పార తీసుకొని పో."

లింగప్ప ఇస్త్రీ చొక్కాతోనే దిగువ గట్టుకు పరిగెత్తినాడు. రోడ్డుమీద ఉరవకొండ బస్సు ఆగి రెండుసార్లు హారన్ కొట్టింది. ఆయన వంగినవాడు వంగినట్టే, పోపొమ్మని చెయ్యి ఊపి, ఇంకో పారెడు మట్టి ఎత్తి గట్టుమీద వేసినాడు.