అక్క నోటి బేరం

నేను కోస్గి అంగడిలో దళారిగా అడుగు పెట్టిన రోజు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక తువ్వాల, పది వేళ్లు, మా నాయిన పేరు. తువ్వాల పాతది, పేరు మంచిది. అన్నం మాత్రం వేళ్లే పెట్టాయి.

మా వైపు గొర్రెల బేరం నోటితో జరగదు. అమ్మేవాడి తరఫున నేను చేయి చాపుతాను. కొనేవాడు తన చేయి కలుపుతాడు. పైన తువ్వాల కప్పుతాం. ఇక లోపల వేళ్లే మాట్లాడుకుంటాయి. వేలు పడితే వెయ్యి, కణుపు నొక్కితే వంద. చుట్టూ ఎంతమంది మూగినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. అది బయటపడితే పక్కవాడు తన బేరాన్ని దాని కిందనుంచే మొదలుపెడతాడు. అందుకే ఆ మూత. లోపల ఎంత పెనుగులాట జరుగుతున్నా ముఖం మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండాలి. నాకు ఆ కష్టం లేదని, నా ముఖం పుట్టుకతోనే అలాంటిదని మా ఆవిడ సుగుణమ్మ అంటుంది.

బాలనర్సమ్మ మా అక్క. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు బావ పోయాడు. పిల్లలు లేరు. మందను అమ్మేసి మా ఇంట్లోనే ఉండమని అన్నాను. దినాలు అయ్యాక బావ కర్ర తీసుకుని మందను తోలుకుపోవడమే ఆమె నాకు చెప్పిన జవాబు. అప్పటినుంచి మేపేది ఆమె, మందు తాగించేది ఆమె, ఈనిన గొర్రె దగ్గర కూర్చునేది ఆమె. అమ్మేది మాత్రం నేను. పరాయి మగవాడి వేళ్లను తువ్వాల కింద ఆడమనిషి పట్టుకోవడం మా అంగడిలో లేదు మరి.

అంగడి రోజు అక్క జీవాలను తోలుకొచ్చి నాకు అప్పగించి, చాయ్ బండి దగ్గర నిలబడేది. నేను బేరం ముగించి డబ్బు తెచ్చి చేతిలో పెట్టేవాడిని. అందరి దగ్గరా దలాలీ తీసుకునేవాడిని, అక్క దగ్గర ఒక్క రూపాయి ముట్టలేదు. మంచి ధర వచ్చిన రోజు ఆమెకంటే నేనే ఎక్కువ మురిసిపోయేవాడిని. ఏళ్లు అలాగే గడిచాయి. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదనే నేను అనుకున్నాను.

ఒక దసరా ముందు ఆమె ఒక పొట్టేలును తెచ్చింది. తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన జీవం అది. కొనేవాళ్లు వచ్చారు. నేను భుజం మీది తువ్వాల తీయబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"తమ్మీ, నా గొర్రె ఎంతకు పోయిందో నాకంటె ముందు నీ వేళ్లకు ఎరుకైతది. ఇయ్యాల నేనే అమ్ముకుంట. నోటితోని."

నేను తెల్లబోయాను. నేనిచ్చిన డబ్బులో ఏదైనా తేడా వచ్చిందా అని అడిగాను. అనుమానమే ఉంటే పండుగ పూట నిన్ను పిలిచి అన్నం పెడుదునా అంది. నోటి బేరం ఈ అంగడిలో నిలవదని, కొనేవాళ్లు దగ్గరికే రారని చెప్పి చూశాను. అంతా ఓపిగ్గా విన్నది.

"నీ లెక్క తప్పని గాదు తమ్మీ. గా లెక్కల నేను లేను, గంతే."

ఆ వారం ఒక్కడూ ఆగలేదు. ధర పైకి చెబుతుంటే విని, నవ్వుకుని, తువ్వాలలు ఉన్న వైపు వెళ్లిపోయారు. మీ అక్కకు ఒంట్లో బాగుందా అని నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు. అక్క పొట్టేలును తోలుకుని ఊరికి తిరిగి వెళ్లింది.

మరుసటి వారం ఒకడు ఆగాడు. ఆగి, బాగా తక్కువ ధర గట్టిగా అన్నాడు. అది అందరి చెవినా పడింది. తరువాత వచ్చినవాడు దానికంటే తక్కువ అన్నాడు. మధ్యాహ్నానికి ఆ పొట్టేలు ధర నా అంచనాకు రెండు వేలు కిందికి దిగింది. దూరంగా నిలబడి ఆ దిగుడంతా వేళ్ల మీద లెక్కపెట్టాను. నా సొంత బేరం మునిగినప్పుడు కూడా అంతగా లెక్కపెట్టలేదు. పైగా నేను వ్యాపారిని. కళ్ల ముందు గండి పడుతుంటే చేయి పెట్టకుండా ఉండలేను.

మహబూబ్‌నగర్‌లో మటన్ దుకాణం ఉన్న పరశురాములు ఏళ్లుగా నా దగ్గర కొంటున్నాడు. అతన్ని లారీ వెనక్కి తీసుకుపోయి తువ్వాల కప్పాను. వెళ్లి మా అక్కను నోటితో అడుగు, నేను అనుకున్న ధర పెట్టు, అందులో రెండు వేలు నేనే నీకు ఇస్తాను అని చెవిలో చెప్పి, అంకెలు వేళ్లతో పలికించాను. అతని వేళ్లు ఒప్పుకున్నాయి.

పరశురాములు మంచి కొనుగోలుదారు కానీ చెడ్డ నటుడు. నేరుగా వెళ్లి, పొట్టేలు పళ్లు చూడకుండా, వెన్ను తడమకుండా, బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు ధర చెప్పేశాడు. అక్క అతన్ని చూసింది. తరువాత తల తిప్పి నన్ను చూసింది. నా తువ్వాల ఇంకా చేతిలోనే ఉంది.

"జీవాన్ని ముట్టకుండ కొనెటోన్ని గిప్పుడే చూస్తున్న అన్నా," అని అతనికి మర్యాదగానే చెప్పి పంపించేసింది.

తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చోమంది. మూట విప్పి జొన్నరొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టింది.

"నాకు నష్టమైతె నీకు పానం ఒప్పది, నాకెరుక. కానీ ఆ నష్టం గూడ నాదే కావాలె తమ్మీ. దాన్ని గూడ నువ్వే గుంజుకుంటే నాకేం మిగులుతది?"

"నష్టం రెండు వేలక్కా," అన్నాను.

"గంతేనా? ఇంకా చానా ఐతదనుకున్న."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. తువ్వాల మడిచి భుజం మీద వేసుకుని రొట్టె తిన్నాను.

సాయంత్రం లోపల ఆమె పొట్టేలును తక్కువ ధరకే అమ్మింది. కొన్నవాడితో చాలాసేపు వాదించి, వంద పెంచుకుని, ఆ వందను గెలిచినందుకు ముఖం వెలిగిపోతుండగా డబ్బు చెంగున కట్టుకుంది. పోయేముందు పొట్టేలు చెవి నిమిరి వచ్చింది. నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. వద్దంటే వినలేదు.

ఆ ఏడంతా అక్క నాకంటే తక్కువకే అమ్మింది. తరువాత నేర్చుకుంది. ఎవరూ నోరు తెరవకముందే తన ధర తనే చెప్పాలని, పొద్దున్నే వచ్చి దారి మొదట్లో నిలబడాలని, మధ్యలో దళారి వద్దనుకునేవాళ్లు అటే వస్తారని కనిపెట్టింది. తప్పులూ చేసింది. బక్రీదు ముందు తొందరపడి నాలుగు పొట్టేళ్లు ఇచ్చేసింది. వారం తిరిగేసరికి ధర లేచింది. నేను ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడం నాకు ఎంత కష్టమైందో సుగుణమ్మకు తెలుసు.

మరి కొందరు ఆడవాళ్లు అక్క పక్కన నిలబడటం మొదలుపెట్టారు. వాళ్లంతా అంతవరకు నా గిరాకీయే. నా దలాలీ తగ్గింది. "ఆమెకు రెక్కలొచ్చె, మనకు ఈకలూడె," అని సుగుణమ్మ దెప్పుతుంది. దెప్పిన నోటితోనే, ఈసారి మన గొర్రెలు కూడా అక్కతోనే అమ్మిద్దామా అని అడుగుతుంది.

ఇంకో ఖర్చు ఉంది, అది సుగుణమ్మ లెక్కకు రాదు. ఇదివరకు నా బేరాలన్నీ ముగిసేదాకా అక్క చాయ్ బండి దగ్గర కాచుకునేది. ఇద్దరం కలిసి ఊరికి పోయేవాళ్లం. ఇప్పుడు తన పని కాగానే ఆ ఆడవాళ్లతో ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. ఆటోలో నన్ను దాటిపోతూ చేయి ఊపుతుంది. నేను చాయ్ ఒక్కడినే తాగుతున్నాను. స్వేచ్ఛకు ఖరీదు ఉంటుందని అందరూ అంటారు. అందులో కొంత పక్కవాడు కూడా కట్టాలని ఎవరూ చెప్పరు.

అయినా వచ్చిన లాభం చెప్పకుండా లెక్క మూయకూడదు. బావ పోయినప్పటినుంచి అక్క మా గడపలోకి ఎప్పుడు వచ్చినా ఏదో ఒక పని మీదే వచ్చేది. ఒక జీవాన్ని అమ్మాలి, డాక్టరును పిలవాలి. గుమ్మం దగ్గరే నిలబడి పని చెప్పి, నేను సరే అనగానే వెనుదిరిగేది. కూర్చోమంటే మంద ఉందనేది. మొన్న మధ్యాహ్నం వచ్చింది. అలవాటు కొద్దీ ఏం పనక్కా అని అడిగాను.

"ఏం లేదు. ఊకెనే వచ్చిన," అంది.

చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఫ్యాన్ కింద మంచం మీద వాలింది. మందను పక్కింటివాళ్లకు ఒప్పజెప్పి వచ్చిందట. సుగుణమ్మతో ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుంటూ పొద్దుగూకేదాకా ఉంది. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. మధ్యలో రెండుసార్లు నన్ను చూసి ఇద్దరూ నవ్వారు, ఎందుకో చెప్పలేదు.

పోయింది కొంత దలాలీ. వచ్చింది ఏ పనీ లేకుండా మా ఇంటికి వచ్చే అక్క.