పడవవాడి చిటికెన వేలు

నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో వాళ్ళూ, నా చేత బొమ్మలు గీయించుకునే వాళ్ళూ ఒకే గొంతుతో అంటారు. అననీ. ఆ బుధవారం ఎడిటరు గారి గదిలో నాకొచ్చిన కోపం మాత్రం ముక్కు మీదది కాదు, కడుపులోంచి వచ్చింది.

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీస్తాను. పన్నెండేళ్ళుగా ఒకే వరస పుస్తకాలు. గడియారపు మేడలో నాయనమ్మ దగ్గర పెరిగే ముగ్గురు పిల్లలు, వాళ్ళు పట్టుకునే దొంగలు. ఆ పిల్లల తండ్రి కథ మొదలవకముందే సముద్రంలో పోయాడు. పద్నాలుగు పుస్తకాలొచ్చాయి. అన్నిటికీ బొమ్మలు నావే.

"చూడండి మేడమ్, మనకి తట్టనిది పిల్లలకి తట్టింది!" అంటూ ఎడిటరు కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. అయినా గారు అనాలి, తప్పదు.

తెర మీద మా పుస్తకాల అభిమానులు పెట్టుకున్న పేజీ. నా బొమ్మలు అయిదు పక్కపక్కన అతికించి ఉన్నాయి. మొదటి పుస్తకంలో కాపలావాడు, నాలుగో దాంట్లో పడవవాడు, ఏడో దాంట్లో పుస్తకాలు కుట్టేవాడు, పదిలో రైలు గేటు మనిషి, పదమూడులో తోటమాలి. అయిదుగురికీ ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. ఆ గాటు చుట్టూ ఎర్ర సున్నాలు. కింద 'భూతద్దం' అని పేరు పెట్టుకున్న ఎవరో రాశారు: "వీళ్ళు అయిదుగురు కాదు, ఒక్కడే. ఆయన సముద్రంలో పోలేదు. వేషాలు మార్చుకుని పిల్లల్ని దూరం నుంచి కాపాడుతున్నాడు. ఆయన వాళ్ళ నాన్న."

దాని కింద వందల కొద్దీ జవాబులు. పడవవాడు పిల్లల దగ్గర బాడుగ తీసుకోలేదు, తండ్రి కాబట్టే అని ఒకరు. చిన్నపిల్ల ఏడ్చినప్పుడల్లా పుస్తకాలు కుట్టేవాడు దగ్గుతాడు, అది ఏడుపు దాచుకునే దగ్గు అని ఇంకొకరు. ఆ పుస్తకం రాసినప్పుడు రచయిత్రికి నెల రోజులు జలుబు. పాపం అందరి చేతా దగ్గించింది. పనీపాటా లేని వాళ్ళకి గోరంత దొరికితే చాలు, కొండంత చేసి కూర్చుంటారు.

"అరవై వేల మంది చదివారు మేడమ్!"

"వాళ్ళు ఒక్కడే అన్నది నిజమేనండీ," అన్నాను. "మా అన్నయ్య. ఊరికే వచ్చి కూర్చునే మనిషి నాకు ఇంకెవరూ దొరకలేదు. టోపీ పెడితే కాపలావాడు, తలగుడ్డ చుడితే పడవవాడు. అంతకు మించి అందులో రహస్యం గిహస్యం ఏమీ లేదు."

ఎడిటరు రెండు చేతులూ జోడించాడు. "మీకు దణ్ణం పెడతాను, ఆ మాట బయట అనకండి. పదిహేనో పుస్తకంలో నాన్న తిరిగొస్తున్నాడు. రచయిత్రి గారిని నేను ఒప్పిస్తాను. అట్ట మీద ఆయన చేతులు చాచి నుంచోవాలి, ముగ్గురు పిల్లలూ పరిగెత్తుకుంటూ రావాలి. కన్నీళ్ళు పెట్టించాలి మేడమ్!"

అరికాలి మంట నెత్తికెక్కింది.

"పద్నాలుగు పుస్తకాల్లో ఆ పిల్లలు ఎన్నిసార్లు ఏడ్చారో మీకు లెక్కుందా? వాళ్ళు ఏడుస్తుంటే గోడ చాటున నుంచుని చూసినవాడు తండ్రా? చిన్నదాన్ని బావిలో తోసినప్పుడు కూడా దూరం నుంచే కాపాడాడా? అలాంటివాడు వస్తే ఆ పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళి వాటేసుకోవాలా? నేను గీస్తే ముగ్గురూ తలుపు మొహం మీద వేసినట్టు గీస్తాను!"

"మీరు మరీనూ... కథే కదా. మీ అన్నయ్య గారు కూడా ఎంత సంతోషిస్తారో ఆలోచించండి."

మా అన్నయ్య గారు. ఏడేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పని చూసుకుని వస్తానని చెప్పి వెళ్ళిన అన్నయ్య గారు. నాలుగేళ్ళ కూతురు మెట్ల మీద కూర్చుని టాటా చెప్పింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఆ కూతురికి ఇప్పుడు పదకొండేళ్ళు. కింద వాటాలో వదిన స్కూలు యూనిఫారాలు కుడుతుంది, పై గదిలో నేను బొమ్మలు గీస్తాను, మా ఇద్దరి మధ్యా ఆ పిల్ల మెట్లెక్కుతూ దిగుతూ పెరిగింది. నాన్న ఎప్పుడొస్తాడంటే పని అయ్యాక వస్తాడని వదిన చెబుతుంది. నేను పక్కనే ఉండి కుంచె కడుక్కుంటాను.

పని ఏమిటో నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో పుస్తకాల ప్రదర్శన జరిగితే వెళ్ళాను. మా దుకాణం ముందుకి అన్నయ్య వచ్చాడు. భుజం మీద రెండేళ్ళ పాప, పక్కన పాప తల్లి. నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, తరవాత వాళ్ళిద్దర్నీ పక్క దుకాణానికి పంపి, బల్ల మీద పుస్తకం తిరగేసి నవ్వాడు. "ఇంకా నా మొహమే గీస్తున్నావా?" అన్నాడు. ఇంటి దగ్గర చెప్పొద్దన్నాడు. ఇంకేమీ అడగలేదు.

వదినకి ఆ సాయంత్రమే చెప్పాను. కత్తెర కింద పెట్టకుండా విని, "పాపకి పదేళ్ళు నిండనీ, అప్పుడు చెబుదాం" అంది. పదేళ్ళు నిండాయి. పదకొండూ నిండాయి. మేము నోరు విప్పలేదు. ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? ఆ తోటమాలి మొహం నేను గీసింది ఆ ప్రదర్శన తరవాతే. చేతికి అలవాటైన మొహం, వద్దనుకున్నా అదే వచ్చింది. మార్చి గీయడానికి బద్ధకించాను.

"గీయను," అన్నాను ఎడిటరుతో.

ఆయన మొహంలో నవ్వు పోయింది. "మీ ఇష్టం. వేరే ఆర్టిస్టు చేత గీయిస్తాం. ఆ మొహం ఇప్పుడు మన సంస్థది."

దానికి నా దగ్గర నాలుగు జవాబులున్నాయి, నాలుగూ వినకూడనివే. కానీ అప్పటికే నా చూపు తెర మీద ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయింది. భూతద్దం రాసిందే: "ఇంకో ఆధారం. పడవవాడి ఎడమ చేతి చిటికెన వేలు వంకర. మిగతా బొమ్మల్లో ఆయన ఆ చెయ్యి దాచుకుంటాడు." కింద ఒకరు, "ఏ పేజీలో? నాకు కనపడలేదే?" అని అడిగారు. "నేను చూశాను," అని జవాబు.

చూడటానికి వీల్లేదు. పుస్తకంలో ఆ వేలు లేదు. నేనెప్పుడూ పేజీకి పట్టేదాని కంటే రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువే గీస్తాను, పేజీలు కూర్చేవాడు కావలసింది ఉంచుకుని అంచులు తీసేస్తాడు. పడవవాడి ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే తెగిపోయింది. చిన్నప్పుడు నేను విసురుగా తలుపు వేస్తే సందులో పడి వంకరపోయిన ఆ వేలు ఒకే ఒక్క కాగితం మీద ఉంది. ఆ కాగితం నా గదిలో, నా బల్ల కింద సొరుగులో ఉంది. ఆ సొరుగు పక్కన కూర్చుని రోజూ హోంవర్కు చేసే మనిషి ఒకతే.

ఎడిటరు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. నేను ఆగలేదు.

బస్సులో కూర్చున్నంతసేపూ పళ్ళు కొరుక్కున్నాను. నా సొరుగు తీస్తుందా? నా బొమ్మలతో ఆడుకుంటుందా? ఆ కాకమ్మ కబుర్లన్నీ నమ్మి, నాన్న ఏ గోడ చాటునో టోపీ పెట్టుకుని తనని కాపాడుతున్నాడని కలలు కంటోందా? రేపు ఆ అట్ట బొమ్మ బజారుకెక్కితే చేతులు చాచిన నాన్న కోసం ఈ పిల్ల ఇంకో ఏడేళ్ళు వాకిలి చూస్తూ కూర్చుంటుంది. అన్నయ్య మీద కోపం, వదిన మీద కోపం, అరవై వేల మంది మీద కోపం. దిగాల్సిన స్టాపు దాటి పోయాక కండక్టరు మీద కూడా కోపం వచ్చింది.

మెట్లెక్కేసరికి మా లాయరమ్మ నా బల్ల దగ్గరే ఉంది. ప్రతి మాటకీ అడ్డు ప్రశ్న వేస్తుందని మేనకోడలికి నేను పెట్టిన పేరు. బడి సంచీ కింద పడేసి, నేనిచ్చిన పాత టాబ్లెట్ ముందేసుకుని కూర్చుంది.

"భూతద్దం ఎవరే?" అన్నాను తలుపు దగ్గర నుంచే.

టాబ్లెట్ బోర్లా పెట్టింది. "నేనే."

అబద్ధం చెబుతుందనుకుని దాచుకున్న అరుపు అక్కర్లేకుండా పోయింది. అయినా ఊరుకోలేదు. "నా సొరుగు ఎవర్ని అడిగి తీశావు? పదకొండేళ్ళు వచ్చాయి, బుద్ధి ఏ ఊరెళ్ళింది? ఆ పుస్తకాల్లో వాడు ఎవరికీ నాన్న కాడు! అవన్నీ తాడూ బొంగరం లేని ఊహలు!"

"నాకు తెలుసు అత్తా."

"ఏం తెలుసు?"

"ఆయన వాళ్ళ నాన్న కాదని. మా నాన్న అని." లేచి సొరుగు లాగి పడవవాడి కాగితం తీసింది, వెనక్కి తిప్పింది. నా చేతిరాతే: అన్నయ్య. పడవవాడు. కదలొద్దంటే వినడు. "నువ్వే రాసుకున్నావుగా. అమ్మావాళ్ళ పెళ్ళి ఫోటోలో కూడా కనుబొమ్మ ఇలాగే ఉంది."

"మరి ఆ పిచ్చి రాతలెందుకు రాశావు?"

"మా నాన్న కనపడట్లేదు అని రాస్తే ఎవరు చూస్తారు? ఒకరిద్దరు అయ్యో అని పోతారు. రహస్యం అని రాస్తే అందరూ ఆ మొహాన్ని పట్టి పట్టి చూస్తారు. అన్ని ఊళ్ళలోనూ ఈ పుస్తకాలు చదివే పిల్లలున్నారు. ఎవరో ఒకరు వీధిలో గుర్తుపడతారు కదా." గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నాన్నకి ఏమైనా అయిందేమో. పేరు మర్చిపోయే జబ్బేదో ఉంటుందట. లేకపోతే ఇన్నాళ్ళూ రాకుండా ఎందుకుంటాడు?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గుర్తుపట్టారు కూడా," అంది. టాబ్లెట్ నా ఒళ్ళో పెట్టింది. ఎవరో అమ్మాయి రాసింది: మా వీధి చివర టైర్ల షాపులో ఒకాయన అచ్చం ఇలాగే ఉంటాడు, ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యడు. కింద ఊరి పేరు. నేను పుస్తకాలమ్మడానికి వెళ్ళిన ఊరే. "రేపు పొద్దున ఫోటో తీసి పెడతానంది. ఆయనే అయితే మనం వెళ్దాం అత్తా. నువ్వు వస్తావా? అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు, ముందే ఆశ పడుతుంది."

రేపటి ఫోటోలో ఆయన పక్కన ఎవరెవరుంటారో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పకపోతే ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్ల చెబుతుంది. ఇంతసేపూ అందరి మీదా కోపంతో ఊగిపోయాను. ఇప్పుడు భయం వేసింది.

"నాన్నకి ఏ జబ్బూ లేదు," అన్నాను. "నేను చూశాను. నాలుగేళ్ళ కిందట, ఆ ఊళ్ళోనే. బాగానే ఉన్నాడు. అక్కడ ఆయనకి ఇంకో ఇల్లుంది. ఒక పాప కూడా ఉంది."

లాయరమ్మ పడవవాడి కాగితం బల్ల మీద పెట్టింది. ఒక్క అడ్డు ప్రశ్న కూడా వేయలేదు. "నా గురించి అడిగాడా?" అంది.

అడిగాడని చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఎలా ఉంది, ఏ క్లాసు, ఎంత పొడుగైంది అని అడిగినట్టు కల్పించడం నాకు నిమిషం పని.

"లేదమ్మా. అడగలేదు."

టాబ్లెట్ నా ఒళ్ళోంచి తీసుకుంది. ఆ అమ్మాయి రాసిన దాని కింద మెల్లగా, ఒక్కో అక్షరం నొక్కుతూ రాసింది: ఫోటో వద్దు. మేము వెతికే మనిషి ఆయన కాదు. పంపించాక కూడా తెర వైపే చూస్తూ, "అమ్మకి తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నేను చూసొచ్చిన రోజు నుంచి."

అప్పుడు తల ఎత్తింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ అది ఏడుపు కాదు. అంత కోపం నేను నా మొహంలో కూడా ఎప్పుడూ చూసుకోలేదు.

"ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం," అంది. "అందులో ఇద్దరికి తెలుసు. నేను ఊరూరా పిల్లల్ని బతిమాలుకున్నాను."

దగ్గరికి తీసుకోబోతే చెయ్యి విదిలించుకుంది. "పద. అమ్మ దగ్గరికి. ఇద్దరూ కూర్చుని మొదటి నుంచీ చెప్పండి. మధ్యలో ఎవరూ లేచి వెళ్ళొద్దు," అంటూ మెట్లు దిగింది. నేను వెనకే దిగాను.