తొణకని బండి

మా షాపు ఆబిడ్స్‌లో, జీపీఓకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ప్యాంటు గుడ్డలు, చొక్కా గుడ్డలు అమ్ముతాం. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ గద్దె మీద నేనే కూర్చుంటున్నాను. ఏ గుడ్డనైనా గుప్పిట్లో నలిపి, వదిలి, ముడత ఎంతసేపు నిలుస్తుందో చూడకుండా ఒక్క మీటరు కూడా కొన్నవాణ్ని కాను. "ప్రహ్లాద్ సేఠ్ పెండ్లి గూడ గిట్లనే నలిపి చూసి చేసుకున్నడేమో" అని ఏజెంట్ల వేళాకోళం. నా భార్య అహల్య ఆ మాట వింటే ఊరుకునేది కాదు. "నలుపుడు ఇంకా అయిపోలే, నడుస్తనే ఉన్నది" అనేది.

అలాంటి నేను కారు కొనడానికి ఏడు నెలలు పట్టింది. అందులో ఆరు నెలల గురించి నాకు సిగ్గు లేదు. చివరి నెల గురించే చెప్పుకోవాలి.

పోయిన ఏడాది ఉగాది అయిన వారానికి అహల్యకు నడుం నొప్పి మొదలైంది. ఎప్పుడో అయిదేళ్ల కింద తీయించేసిన గడ్డ మళ్లీ వెన్నుపూసలో తేలిందని లక్డీకాపూల్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. కరెంటు పెట్టాలి, అదే రేడియేషన్, మందులెక్కించాలి, మాటిమాటికీ రావాలి అంది. మా ఇల్లు నాంపల్లిలో, స్టేషను పక్క గల్లీలో. అక్కణ్నుంచి లక్డీకాపూల్ ఎంత దూరమని? రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ రెండు కిలోమీటర్లే మాకు కాశీయాత్ర అయింది.

మా పాత బండి డీజిల్‌ది, ఎత్తుగా ఉంటుంది. దాంట్లోకి ఎక్కాలంటేనే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. గుంతలొస్తే సరే, నేనే పక్కకు తప్పించేవాణ్ని. అసలు బాధ సిగ్నళ్ల దగ్గర. "బండి నడిస్తే ఎట్లనో ఓర్సుకుంట. ఆగినప్పుడే పానం పోతది. కింద నుంచి కుట్టుమిషన్ కుట్టినట్టు నడుముల కుడుతది" అనేది. అరిచే మనిషి కాదు. కొంగు పంటి కింద పెట్టుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక ఆ కొంగు తడిసి ముద్దయ్యుండేది. నేను చూడనట్టు తల తిప్పుకునేవాణ్ని.

అప్పుడు మొదలుపెట్టాను. మధ్యాహ్నం షాపులో బేరాలు పలచబడగానే ఫోను తీసి కార్ల వీడియోలు చూడడం, తెలిసినవాళ్లను అడగడం, పాత బిల్లుల వెనక రాసుకోవడం. మా అమ్మాయి శ్రీవిద్య కోఠి ఉమెన్స్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఇంటికొచ్చి ఆ కాగితాలు చూసి, "డాడీ, మా రీసెర్చ్ స్కాలర్లు నీ కాల్మొక్కాలె" అని నవ్వింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంకా నవ్వులుండేవి.

చివరికి తేలిందేమిటంటే, నాకు కావలసింది హైబ్రిడ్ బండి. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉంటుంది. మెల్లగా పోయేటప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజను చాలాసార్లు నోరు మూసుకుంటుంది. అంటే కుట్టుమిషను ఉండదు. పూర్తిగా కరెంటుతో నడిచేది కొందామంటే మా గల్లీలో చార్జింగు పెట్టే చోటు లేదు. ఎత్తు బండి ఆమె ఎక్కలేదు కనుక సెడానే కావాలి. అందులోనూ పెద్ద ఆఫీసర్లు వెనక కూర్చుని పేపరు చదువుకుంటూ పోయే రకం. మీట నొక్కితే వెనక సీటు వాలుతుంది. నాలాంటి గుడ్డల వ్యాపారికి అంత బండి ఎందుకని మా బజారులో చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ.

మూడు షోరూములు తిరిగాను. అందరూ నున్నటి రోడ్డు మీద చక్కర్లు కొట్టించి, ఎట్లుంది సార్ అని అడిగేవారు. నేను ఇంటి నుంచి స్టీలు గ్లాసు పట్టుకెళ్లేవాణ్ని. అంచు దాకా నీళ్లు పోసి, పళ్లెంలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుని, "నాంపల్లి స్టేషన్ ముంగట నుంచి పబ్లిక్ గార్డెన్ మీదుగ లక్డీకాపూల్ దవాఖాన దాక పోనియ్యి" అనేవాణ్ని. పళ్లెంలో ఎన్ని నీళ్లు తొణికితే అంత చెడ్డ బండి. మూడో షోరూములో బండి చూపించిన కుర్రవాడి పేరు సిద్ధార్థ్. "సార్, అందరు మైలేజీ అడుగుతరు. మీరు నీళ్లు అడుగుతున్నరేంది?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆ తర్వాత వాడు అదే దారిలో ఇంకో రెండుసార్లు తిప్పాడు. రెండోసారి పళ్లెం దాదాపు పొడిగా ఉంది.

అయినా వెంటనే బుక్ చేయలేదు. నాదొక పద్ధతి. వంద మంది బాగుందంటే నమ్మను, ఒక్కడు బాగాలేదంటే ముందు వాడి మాట వింటాను. షాపు నేర్పిన తెలివి అది. వంద మంది మెచ్చిన గుడ్డ ఒక్కడి ఒంటి మీద కుంచించుకుపోతే వాడు చెప్పిందే నిజమని నాకు చాలాసార్లు రుజువైంది. కనుక ఆ బండిని తిట్టినవాళ్లు రాసిందంతా వెతికి వెతికి చదివాను. ఒకాయన డిక్కీ చిన్నదని రాశాడు, ఇంకొకాయన సీట్ల రంగు బాగాలేదని రాశాడు. వెన్ను నొప్పి పుట్టిందని ఎవడూ రాయలేదు. అప్పుడు డబ్బు కట్టి బుక్ చేశాను. అహల్య మంచం మీద నుంచే, "నిదానమే ప్రధానం అని మీరంటరు. ఆలస్యం అమృతం విషం అన్నోళ్లు గూడ పెద్దోళ్లే" అంది. నవ్వుతూనే అంది.

బండి రెండు నెలలకు వచ్చింది. సిద్ధార్థ్ ఫోను చేసిన రోజుకు నాలుగు రోజుల ముందే మూఢం పట్టింది. ఇంకా ముప్పై నాలుగు రోజులుంది.

మా వంశంలో మూఢంలో కొత్త చీపురు కూడా కొనరు. అయినా మా అయ్యగారిని అడిగాను. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో వ్రతాలు చేయించే మనిషి. "మామూలుగ అయితే వద్దనే చెప్త. కాని రోగమున్న మనిషి కోసం తెచ్చే బండికి దోషం లేదు. ఆపదకు నియమం లేదు ప్రహ్లాదూ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చి తెచ్చుకో" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఒకరి మాటతో ఊరుకునే పుట్టుక కాదు నాది. కోఠిలో ఇంకో పంతులును అడిగాను. ఆయనా అదే మాటన్నాడు. మూడో ఆయన నంబరు పక్క షాపువాళ్లిచ్చారు. పెద్ద సిద్ధాంతి అట. ఫోనులో నా జాతకం, ఆమె జాతకం అడిగి, కాసేపు లెక్క చూసి, "ఇప్పుడు వాహనం తెస్తే ఇంటి ఇల్లాలికి మంచిది కాదు" అన్నాడు.

ఇల్లాలికి. ఆ ఒక్క మాట నా గుండెలో దిగబడిపోయింది. ఇద్దరు బాగుందన్నారు, ఒక్కడు వద్దన్నాడు. కార్ల దగ్గర ఏ పద్ధతి పాటించానో ఇక్కడా అదే పాటించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాను. బండిని షోరూములోనే ఉంచమన్నాను.

శ్రీవిద్య మండిపడింది. "రేపటి నుంచి అమ్మకు రెండో విడత కరెంటు పెడుతున్నరు. పది రోజులు వరుసగ పోవాలె. బండి గాడ పెట్టుకుని గీ డొక్కుల తీస్కపోతవా?"

"నెల రోజులే కదమ్మా. ఇన్ని రోజులు ఓర్సుకున్నది."

"ఓర్సుకునేది నువ్వా డాడీ?"

నాకు కోపం వచ్చింది. పెద్దంతరం చిన్నంతరం లేదా అని గట్టిగా అరిచాను. లోపలి గది నుంచి అహల్య పిలిచింది. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"ఇగో, ఇంటున్నరా. నాకు మూఢం లేదు, గీఢం లేదు. అయ్యేది ఎట్లైనా అయితది. జర తెచ్చేయుండ్రి" అంది.

అహల్య జీవితంలో నన్ను నోరు తెరిచి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి. "నీకేమన్న అయితే నేను బతుకుతనా? నీ కోసమే కద ఆపుతున్న" అన్నాను. ఆమె "సరే తియ్యుండ్రి" అని అటు తిరిగి పడుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మొగుణ్ని ముప్పై అయిదేళ్లుగా చూస్తున్న మనిషి. వాదన దండగని ఆమెకు తెలుసు.

పది రోజులు ఆ డీజిల్ బండిలోనే తీసుకెళ్లాను. నేను నడిపేవాణ్ని, శ్రీవిద్య వెనక కూర్చుని తల్లి నడుం కింద రెండు చేతులూ పెట్టేది. పబ్లిక్ గార్డెన్ సిగ్నల్ పడిందంటే నాకు చెమటలు పట్టేవి. ఇంజను ఆపేసేవాణ్ని, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు బండి మొత్తం ఊగేది. అప్పుడు వెనక నుంచి ఒక చిన్న మూలుగు వినిపించేది. ఏడో రోజు అహల్య సిగ్నల్ దగ్గర మొదటిసారి పెద్దగా అరిచింది. పక్క ఆటోలో వాళ్లు తొంగి చూశారు. ఆ సిగ్నల్ నుంచి కొత్త బండి నిలబెట్టిన షోరూముకు పది నిమిషాల దారి. కావాలంటే అప్పుడే తిప్పి ఉండొచ్చు. నేను దవాఖానకే పోనిచ్చాను.

పదో రోజు తర్వాత డాక్టరమ్మ నన్ను బయటకు పిలిచింది. కరెంటు ఇక పనిచేయడం లేదంది. నొప్పి తెలియకుండా మందు ఇస్తాను, ఇంట్లోనే ఉంచండి, బండెక్కించి తిప్పకండి, ఎముక అసలే పెళుసుగా ఉంది అంది. అప్పటికి మూఢం ఇంకా ఇరవై మూడు రోజులుంది. నేను ఇంటికొచ్చి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఏం చూద్దామని నిలబడ్డానో నాకే తెలియదు.

శుక్రవారం మూఢం విడిచింది. పొద్దున్నే వెళ్లాను. షోరూములో బండి మీద ఎర్ర గుడ్డ కప్పారు, దండ వేశారు, కేకు కోయమన్నారు. కేకు వద్దన్నాను. సిద్ధార్థ్ నా మొహం చూసి కేకు పక్కకు తీయించాడు. "అమ్మ ఎట్లున్నది సార్?" అని మాత్రం అడిగాడు. ఇంట్లోనే ఉంది అన్నాను.

అదే దారిలో ఒక్కణ్నే నడుపుకుంటూ వచ్చాను. లక్డీకాపూల్, పబ్లిక్ గార్డెన్, నాంపల్లి. సిగ్నల్ దగ్గర ఆగాను. చప్పుడు లేదు, అదురు లేదు. సీటు మీద చెయ్యి పెట్టి చూశాను, ఏమీ లేదు. నేను ఆరు నెలలు చేసిన పని అబద్ధం కాదు. అనుకున్న దానికంటే బండి బాగుంది. అందుకే ఏడ్చాను. వెనకవాడు హారన్ కొడితే తప్ప లైటు మారిన సంగతి తెలియలేదు.

గల్లీలో బండి ఆపగానే శ్రీవిద్య తలుపు దగ్గరకు వచ్చింది. నెల రోజులుగా నాతో అవసరమైతే తప్ప మాట్లాడడం లేదు. "బండొచ్చిందని అమ్మకు ఎట్లనో తెల్సింది. దవాఖానకు పోదాం తియ్యుండ్రి, టైమైతున్నది అంటున్నది" అంది. నొప్పి మందు మొదలైనప్పటి నుంచి అహల్యకు రోజులు కలగలిసిపోయాయి. కరెంటు పెట్టించుకోవడం ఇంకా అయిపోలేదనే అనుకునేది. మూఢం సంగతి, మా గొడవ సంగతి ఆమెకు గుర్తే లేవు.

"నడపొద్దు డాడీ. ఊకె కూసోబెడుదాం, అంతే" అంది శ్రీవిద్య.

కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకొచ్చాం. ఇంత తేలికైపోయిందా మనిషి అనిపించింది. వెనక సీటు వాల్చి, దిండ్లు సర్ది, మెల్లగా పడుకోబెట్టాం. శ్రీవిద్య పక్కన కూర్చుంది. నేను ముందు కూర్చుని తలుపులేసి, బటన్ నొక్కి, ఏసీ చిన్నగా పెట్టాను. గల్లీలో కూరగాయలవాడి కేక, స్టేషన్‌లో అనౌన్సుమెంటు, అన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి. అహల్య కళ్లు మూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె నుదురు మీద ముడత లేకుండా చూశాను.

పావుగంట అలాగే ఉన్నాం. బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.

"లక్డీకాపూల్ వచ్చిందా?" అంది, కళ్లు తెరవకుండానే.

అద్దంలో శ్రీవిద్య నన్ను చూసింది. నా జన్మలో గిరాకీకి కూడా అబద్ధం చెప్పలేదు నేను.

"ఔ, వచ్చినం" అన్నాను.

"ఒక్క గుంత గూడ తగల్లే. ఆగింది గూడ తెల్వలే. గీ బండి ముందుగాల్నే తెస్తే అయిపోతుండె గదా, ఎందుకు తేలేదు?"

బండి గురించి ఎవరేమడిగినా నా దగ్గర జవాబుండేది. "నెల కింద్నే వచ్చింది అహల్యా. నేనే తేలే. తప్పు నాదే" అన్నాను. ఆమెకు వినబడిందో లేదో తెలియదు. శ్రీవిద్య ముందుకు వంగి నా భుజం పట్టుకుంది.

అహల్య చెయ్యి కొద్దిగా లేపింది. ఊరడించడానికో, దిండు సర్దమనో.

"పోనియ్యుండ్రి. మల్ల ఇంటికి పొయ్యేటప్పుడు గూడ గిట్లనే మెల్లగ నడపుండ్రి" అంది.

సరే అన్నాను. మా ఇంటి గుమ్మం ముందు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఆమెను ఇంటికి తీసుకొస్తున్నట్టు కూర్చున్నాను.