వసారాలో పెరిగిన ఆదాయం

ఆ జిల్లా ఒక్క ఏడాదిలో కలవారి జిల్లా అయి కూర్చుంది. పాపం, ఆ సంగతి జిల్లాలో ఎవరికీ తెలియదు. గణాంక కార్యాలయంలో మాత్రం అందరికీ తెలుసు.

కనిపెట్టినవాడు అక్కడి గుమస్తా. జిల్లాలోని కుటుంబాలన్నిటినీ సంపాదన ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన వచ్చే ఇంటి ఆదాయం ఎంతో ఏటేటా అంచనా కట్టడం అతని పని. ఏళ్ళ తరబడి అతను గీస్తున్న గీత జబ్బు మనిషిలా నేలబారుగా పడుకునే ఉంది. ఈ ఏడు ఒక్కసారిగా లేచి మేడెక్కింది. వానలు లేవు, కొత్త ఫ్యాక్టరీ రాలేదు, ఉన్న పిండిమర కూడా మూతపడింది. అయినా గీత లేచింది. గీతకు కారణాలతో పనేముంది, పై అధికారికి నచ్చితే చాలదా.

నచ్చింది. ఆయన అందరికీ టీలు తెప్పించి, "నీ చేతి చలవయ్యా," అంటూ గుమస్తా భుజం తట్టాడు. గుమస్తా ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంతమంది ఇంత హఠాత్తుగా ఎలా బాగుపడ్డారన్న అనుమానం ఆ మహానుభావుడికి టీ తాగడం అయ్యేదాకా రాలేదు. అయ్యాక కూడా రాలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జిల్లా వెనకబడినవాటి జాబితాలోంచి బయటపడింది కాబట్టి, ఆ జాబితా పేరు మీద చిన్నాసుపత్రికి ఇచ్చిన డయాలసిస్ మిషనును ఇంకో జిల్లాకు తరలిస్తారట. వారానికి మూడుసార్లు ఆ మిషను పక్కన పడుకుని బతుకుతున్నది గుమస్తా సొంత అక్క. మిషనున్న మరో ఆసుపత్రికి వెళ్ళాలంటే బస్సులో ఓ పూట ప్రయాణం. ఆ ఓపిక ఆమెకు లేదు, ఆ ఖర్చు భరించే తాహతు అసలే లేదు. 

గుమస్తా ఉన్నపళంగా అక్క వీధికి పరిగెత్తాడు. అసలు భాగోతం అక్కడ తెలిసింది. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని పై అధికారి లెక్కలు రాసుకొచ్చేవాళ్ళను ఈ ఏడు ఇల్లిల్లూ తిరగొద్దన్నాడట. వీధికో వసారా చూసి, అందర్నీ అక్కడే కూర్చోబెట్టి, ఒకరి తరవాత ఒకర్ని పైకే అడగమన్నాడట. ఏం బుర్ర, ఏం బుర్ర.

"దర్జీ ఎంతన్నాడో దానిమీద ఓ వెయ్యి వేసి చెప్పాను," అంది అక్క.

"ఎందుకక్కా?"

"వాళ్ళావిడ నా ఎదురుగానే కూర్చుందిరా. ఇంకేం చెప్పమంటావు?"

అక్క మీద పాలాయన ఇంకాస్త వేశాడు, పాలాయన మీద మేస్త్రీ ఇంకాస్త వేశాడు. వసారా చివరికొచ్చేసరికి వీధి వీధంతా లక్షాధికారులే.

గుమస్తా పై అధికారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన చివరికి కాస్త మెత్తబడ్డాడు. "ఆ ఒక్క వీధిలో నడిమి ఇల్లు కిందికి దిగిందని చూపించు, జిల్లా అంతా మళ్ళీ అడిగిస్తాను. కానీ అందరిముందూ చెప్పిన మాట అందరిముందే మార్చుకోవాలి. చాటుగా చెబితే నువ్వే రాసుకొచ్చావంటారు."

వీధి మళ్ళీ వసారాకు చేరింది. గుమస్తా మిషను సంగతి విడమరిచి చెప్పాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. జాలికేం కొరవలేదు, తక్కువ చెప్పడానికే ఒక్కరికీ నోరు పెగల్లేదు. "మేం ఉన్నమాటే చెప్పాం బాబూ," అన్నాడు దర్జీ, తన మోకాలి దగ్గరి అతుకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

గుమస్తా అక్కను పక్కకు పిలిచాడు. "నువ్వు మొదలుపెట్టక్కా. ఒక్కరు నోరు విప్పితే మిగతావాళ్ళు వాళ్ళే దారికొస్తారు."

"మీ బావ పరువు పోతుందిరా."

"ప్రాణం కంటే ఎక్కువా?"

అక్క భర్త వైపు చూసింది. ఆయన చెప్పుల వైపు చూపు తిప్పుకున్నాడు. ఆమె స్తంభం పట్టుకుని నిలబడింది.

"మా కొట్లో సరుకు లేక రెండేళ్ళయింది. ఆయన పొద్దున్నే షట్టరు ఎత్తేది మీరంతా చూస్తారని. లోపలున్న అట్టపెట్టెలన్నీ ఖాళీవే. మా తమ్ముడు పంపిస్తే తింటున్నాం. రాసుకోండి."

వసారా అంతా గతుక్కుమంది. బావ చెప్పులు వేసుకుని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. గుమస్తా పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. దర్జీ పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. దర్జీ భార్య మాత్రం అక్క చెయ్యి పట్టుకుని, "ఇంత ఇబ్బందిలో ఉన్నారని మాకు తెలీదమ్మా," అంది, లక్షాధికారి హోదాలో. తరవాత ఒక్కొక్కరే పనుందంటూ లేచారు. వెళ్తూ వెళ్తూ అక్క ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

వసారాలో అక్కాతమ్ముళ్ళే మిగిలారు.

"రాసుకున్నావుగా, ఇక మిషను ఉంటుందా?" అంది అక్క.

గుమస్తాకు ఏడుపొచ్చింది. "ముందే కింది సగంలో ఉన్న ఒక్క ఇల్లు ఇంకెంత కిందికి పోయినా నడిమి ఇల్లు కదలదక్కా. లెక్క అంతే."

అక్క స్తంభం వదిలి కింద కూర్చుంది.

"ఆ ముక్క నీకు ముందే తెలుసు కదరా," అంది. "మరి నన్నెందుకు నిలబెట్టావు?"