బండ కింద జంట

యూనివర్సిటీలో మా ఇద్దరిదీ ఒకే ల్యాబు. మాలతిది కప్పల మీద పరిశోధన, నాది ఎండల మీద. మల్దకల్ దగ్గరి ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటావిడ నాగేంద్రమ్మ మాకు అప్పుడే పేర్లు కూడా పెట్టేసింది. మాలతి కప్పల మేడం, నేను ఎండ సారు. "నువ్వొచ్చినంక ఎండలు ఇంకింత ముదిరినయ్ సారూ" అని నన్ను ఆటపట్టించేది. నా పరికరాలు చెప్పేదీ అదే కాబట్టి నవ్వి ఊరుకునేవాణ్ణి.

మాలతికి మాత్రం నవ్వులాటగా లేదు. ఎండాకాలమంతా మట్టిలో పూడుకుని, తొలివానకు బయటికొచ్చి కుంటలో గుడ్లు పెట్టే బొద్దు కప్పల కోసం వడ్డేపల్లి నుంచి వనపర్తి దాకా తిరిగింది. కుంటలు ఎండిపోయాయి, చేలల్లో మందు వాసన. వాటి జాడే లేదు. చివరికి నాగేంద్రమ్మ చేలోనే, బోరు పక్కన బట్టలుతికే బండ కింద, కారుతున్న పైపు తడిలో ఒక జంట దొరికింది. ఆ రోజు మాలతి ఏడ్చేసింది. కప్పల కోసం ఏడ్చే మనిషిని చూసి నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

"ల్యాబుకు తీసుకుపోదాం" అన్నాను.

"పెట్టెల ఉంటే గుడ్లు పెట్టవు. ఒక్క వాన పడితే చాలు, వాటంతటవే కుంటలకు పోతయ్" అంది. మాలతి నాగేంద్రమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది. "పెద్దమ్మా, ఈ పైపు బాగు చేపియ్యకు, బండ జరపకు. గివి ఇంకెక్కడ లేవు."

"కన్నపిల్లల లెక్క చూస్కుంట తియ్యి బిడ్డా."

అన్నట్టే చూసుకుంది. మొగుడు పైపుకు రబ్బరు చుట్టబోతే చేతిలోంచి లాక్కుంది. బండ చుట్టూ ముళ్ళకంప వేసి కుక్కలు రాకుండా చేసింది.

తొలకరి పడాల్సిన మిరుగు కార్తె వచ్చింది, వాన రాలేదు. వేసిన పత్తి గింజ మట్టిలోనే మాడిపోయింది. అట్లాంటి రోజుల్లోనే మమ్మల్ని గద్వాలలో వాతావరణ మార్పుల సమావేశానికి పిలిచారు. చల్లటి గదిలో పెద్దలందరూ ఎండల గురించి బాధపడి, భోంచేసి లేచారు. నాకు ఒళ్ళు మండింది. ఎండ దిగకముందే తిరిగొచ్చాం.

వీధి మొదట్లోనే ఆడవాళ్ళ గుంపు ఎదురైంది. ఇద్దరి భుజాల మీద రోకలి, దానికి వేపమండలు, మధ్యలో ఒక గుడ్డమూట. ప్రతి ఇంటి ముందూ ఆగుతున్నారు, ఆ ఇంటివాళ్ళు చెంబుతో మూట మీద నీళ్ళు పోస్తున్నారు. కప్పతల్లి ఆట. వాన కోసం కప్పను ఇట్లా ఊరేగించి, చివరికి కుంటలో విడిచిపెడతారు.

మాలతి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ముందు నడుస్తున్నది నాగేంద్రమ్మే. ముఖం వెలిగిపోతోంది. "మేడం, నువ్వు జూపియ్యకపోతే ఈ యేడు ఆటే లేకుంటుండె! ఊరంత దేవులాడిండ్రు, ఒక్క కప్ప దొరకలే. నాకు ఎరుకే గద అని నేనే తెచ్చిన."

"ఒక్కటేనా పెద్దమ్మా?"

"ఒక్కదాన్ని తెస్తే ఇంకోటి బెంగ పెట్టుకోదా? రెండింటినీ తెచ్చిన. ఇగ, నువ్వు గూడ నీళ్ళు పొయ్యి బిడ్డా."

చెంబు చేతికిచ్చింది. మాలతి గట్టిగా అరుస్తుందేమో అనుకున్నాను. ఆ ఆడవాళ్ళ పెదాలు పగిలి ఉన్నాయి, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్ళు. ఎవరి మీద అరుస్తుంది? నీళ్ళు పోసింది. మూట విప్పి వేలితో తాకింది. రెండూ కదల్లేదు.

"నిద్రవోయినయ్. కుంటల ఇడిస్తే లేస్తయ్" అంది నాగేంద్రమ్మ.

కుంటలో చుక్క నీరు లేదు. ఎండదెబ్బకు బిగుసుకుపోయిన కప్ప ఇక లేవదని మాకిద్దరికీ తెలుసు. మాలతి మూటను మళ్ళీ ముడేసింది; ఆడవాళ్ళు వాటిని ఆ ఎండు కుంటలోనే విడిచొచ్చారు.

తర్వాతి వారం వాన దంచికొట్టింది. నాగేంద్రమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చి మా నోట్లో బెల్లంముక్కలు పెట్టింది. ఇది కప్పల మేడం తెచ్చిన వాన అని ఊరంతా ఒకటే సంబరం. కుంట నిండింది. అంతటి వాన చూసి సంతోషపడలేకపోవడం నాకదే మొదటిసారి.

పొద్దుగూకే వేళ మాలతి రికార్డరు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. వెనకటికి ఇట్లాంటి వానకు కప్పల అరుపుల్లో పక్కమనిషి మాట కూడా వినపడేది కాదట. ఇప్పుడు నీళ్ళ మీద చినుకుల చప్పుడొక్కటే ఉంది.

నాగేంద్రమ్మ వచ్చి మాలతికి గొడుగు పట్టింది. చాలాసేపు తనూ చెవి పెట్టి విన్నది.

"గవి ఇంక లేవలేదా బిడ్డా?" అంది.

"లేదు పెద్దమ్మా" అంది మాలతి.