యాభై ఎనిమిది కిలోలు

ముందు తానే ఎక్కింది. కాటా ముల్లు ఎప్పటిలాగే అరవై రెండు దగ్గర ఆగింది. దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది. అప్పటికి గాని అనుమానాలక్క డయాలిసిస్ గది తలుపు తీయలేదు.

ఆ నర్సమ్మకు ఆ పేరు పెట్టింది పేషెంట్లే. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి లాగి చూసే మనిషి. కట్టుకున్నవాడు తుమ్మినా ఎందుకు తుమ్మాడో ఆరా తీస్తుంది. పాపం, ఆయన తుమ్మొస్తే పెరట్లోకి పోతాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే గదిలో కాటా కిలో తప్పు చూపించి ఒక పెద్దావిడ స్పృహ తప్పింది. అప్పటినుంచి ఆమె నమ్మేది ఒక్కదాన్నే, పొద్దున్నే తాను పరీక్షించిన కాటాని.

చెప్పులు కుట్టే తాత గుమ్మంలోనే రొప్పుతూ నిలబడ్డాడు. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు వస్తున్నాడు.

"చెప్పులు, బెల్టు తీసి ఎక్కు తాతా. జేబుల్లో ఏమున్నాయి?"

"చిల్లులున్నాయమ్మా."

ఆమె నవ్వలేదు. తడిమి చూసింది. ఆయన ఇచ్చిన బెల్టును అలవాటుగా మణికట్టుకు చుట్టుకుని ముల్లు వైపు వంగింది. అరవై. నీరు తీశాక యాభై ఎనిమిది ఉండాలని ఆరు నెలల కిందట డాక్టరు రాశారు. అంటే రెండు కిలోలు తీయాలి. పోయినసారీ అంతే.

"ఇంకో కిలో ఎక్కువ తీయమ్మా. పడుకుంటే ఊపిరాడట్లేదు."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఆ కిలో ఇక్కడ తీయించుకుని ఇంటికెళ్ళి తాగేద్దామనా? నా దగ్గరా నీ వేషాలు?"

"ఒట్టు తల్లీ. డాక్టరు గారికోసారి చెప్పు."

"కాటా చెబుతోందిగా!"

సూదులు గుచ్చి, మిషను తిప్పి, అందరికీ చెప్పే పాఠం ఆయనకూ అప్పజెప్పింది. "గుండె తోసే రక్తంలో అయిదో వంతు కిడ్నీలకే పోతుంది తాతా. అవి వడగట్టి, ఎక్కువైన నీళ్ళు బయటికి పంపేస్తాయి. అవి మూలపడితే ఆ నీళ్ళు రక్తంలోనే ఉండిపోతాయి. అంత రక్తాన్ని తోయలేక గుండె చతికిలబడుతుంది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఊరతాయి. అందుకే తాగొద్దనేది."

తాత కళ్ళు మూసుకునే తలూపాడు. నాలుగు గంటల తర్వాత మళ్ళీ కాటా ఎక్కించింది. సరిగ్గా యాభై ఎనిమిది. ఆమెకు తృప్తిగా అనిపించింది. బయట కాచుకున్న కూతురి భుజం పట్టుకుని, జారుతున్న ప్యాంటును మరో చేత్తో పట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం మిషన్లు కడుగుతుంటే తాత కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాన్న కుర్చీలో కూర్చునే పోయాడు."

"నీళ్ళు తాగాడా?" అనేసి నాలుక కరుచుకుంది.

"నీళ్ళెక్కడక్కా? గ్లాసుతో కొలుచుకునేవాడు. నెలల నుంచీ తిండే సయించట్లేదు."

ఫోన్ పెట్టేసి తిరిగితే, సూదులు గుచ్చే ముందు తాను కాటా పిడికి తగిలించిన తాత బెల్టు అక్కడే వేలాడుతోంది. మొదటిసారి దాన్ని దీపం కింద పట్టి చూసింది. కొన్ననాటి అయిదు చిల్లులకు ఇవతల కొత్తవి నాలుగున్నాయి. చేయి తిరిగిన పనివాడు కదా, అన్నీ ఒకే ఎడంలో వేసుకున్నాడు. కండ కరిగిపోతుంటే ఆ బరువంతా నీరు నింపింది; యాభై ఎనిమిదిలోనూ తీయాల్సిన నీరు మిగిలే ఉంది. కాటాకి రెండూ ఒకటే. ఆయన బక్కచిక్కిపోతున్న సంగతిని వారానికి మూడుసార్లు ఆమె తన చేతికే చుట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

బెల్టును మళ్ళీ పిడికే తగిలించింది. నాలుగో చిల్లు అంచున తోలు పొట్టు ఇంకా రాలలేదు.